సబ్సిడీ మనిషికా, ఇంటికా? అమెరికా చిన్న నగరంలో తక్కువ అద్దె ఇల్లు వెతుక్కోవడం

ప్రభుత్వ ఇల్లు అనగానే మనకు గుర్తొచ్చేది సొంత ఇల్లే. ఇందిరమ్మ ఇల్లయినా, డబుల్ బెడ్‌రూమ్ అయినా, టిడ్కో ఫ్లాటయినా చివరికి కాగితం మన పేరు మీద చేతికి రావాలి. అద్దెకు ఉండేవాళ్లకు ప్రభుత్వం నెలనెలా సాయం చేయడం మన దగ్గర దాదాపు లేదు. అందుకే అమెరికాలో ఆ అవసరం పడ్డ తెలుగువాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో అంతుబట్టదు. గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికొచ్చి, కొన్నాళ్లకు తమకంటూ వేరే చిన్న ఇల్లుంటే బాగుండుననుకునే పెద్దవాళ్లున్నారు. విడాకుల తర్వాత పిల్లలతో మిగిలిన తల్లులున్నారు. ఉద్యోగం పోయి గంటల జీతానికి పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లు ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: "సెక్షన్ 8కి అప్లై చేయండి."

ఆ సలహా తప్పు కాదు, కానీ సగమే. తక్కువ అద్దె ఇళ్లకు అమెరికాలో ఒకే ఆఫీసు, ఒకే ఫారం, ఒకే జాబితా లేవు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు చట్టాలు తెచ్చిన పథకాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఏ అపార్ట్‌మెంట్ గురించి విన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ సబ్సిడీ మనిషి వెంట వస్తుందా, ఈ ఇంటికే ఉంటుందా, లేక కట్టినవాడికి పన్ను రాయితీగా ఎప్పుడో ఇచ్చేశారా? దీనికి జవాబు తెలిస్తే అద్దె ఎంతవుతుందో, ఏ లిస్టులో పేరు రాయించాలో, రేపు ఊరు మారితే ఏమవుతుందో చాలావరకు తేలిపోతుంది.

ఉదాహరణకు వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరాన్ని తీసుకుంటాను. ఆ రాష్ట్రంలో అదే పెద్ద నగరం, అయినా 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 44,743 మంది. మన లెక్కలో ఒక మున్సిపాలిటీ. ఒకవైపు షాంప్లేన్ సరస్సు, మరోవైపు వెర్మాంట్ యూనివర్సిటీ. పక్కనే ఎసెక్స్ జంక్షన్‌లో ఒకప్పటి ఐబీఎం చిప్ ఫ్యాక్టరీ, ఇప్పుడది గ్లోబల్ ఫౌండ్రీస్. విద్యార్థులూ ఉద్యోగులూ అవే ఇళ్ల కోసం పోటీ పడతారు కాబట్టి ఖాళీలు తక్కువ, అద్దెలు ఎక్కువ. కానీ చిన్న నగరానికి ఒక మేలుంది. సబ్సిడీ ఇళ్లు నడిపే సంస్థలు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. న్యూయార్క్‌లో అన్ని తలుపులూ తట్టడం మనిషికి సాధ్యం కాదు, ఇక్కడ సాధ్యమే.

మూడు రకాల సాయం

మొదటిది మనిషికి ఇచ్చేది. జనం నోట సెక్షన్ 8 అంటే మామూలుగా ఇదే, హౌసింగ్ ఛాయిస్ ఓచర్. 1974 చట్టంతో సెక్షన్ 8 వచ్చింది. ఓచర్ చేతికొచ్చాక బయట మార్కెట్లో మీరే ఇల్లు వెతుక్కోవాలి. మీ వాటా మీరు కడతారు, మిగతాది హౌసింగ్ అథారిటీ, అంటే ఈ సాయం నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ, నేరుగా ఓనర్‌కు పంపుతుంది. ఇల్లు మారితే ఓచర్ మీతో వస్తుంది.

రెండోది ఇంటికి కట్టిపడేసినది. 1937 చట్టం నాటి పబ్లిక్ హౌసింగ్, 1959లో మొదలై ఇప్పుడు 62 ఏళ్లు దాటినవాళ్లకు నడుస్తున్న సెక్షన్ 202 భవనాలు, ప్రాజెక్ట్ బేస్డ్ ఓచర్ (మనిషికి కాకుండా ఫ్లాటుకే కట్టిన ఓచర్) ఉన్న ఫ్లాట్లు, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. బర్లింగ్టన్‌లో వృద్ధులకూ వికలాంగులకూ ఉన్న డెక్కర్ టవర్స్ ఇలాంటిదే. పదకొండు అంతస్తులు, రాష్ట్రంలోని అత్యంత ఎత్తయిన భవనాల్లో ఒకటి. అక్కడున్నంత కాలం అద్దె మీ ఆదాయాన్ని బట్టే ఉంటుంది, ఖాళీ చేస్తే ఆ సాయం ఫ్లాటుతోనే ఆగిపోతుంది. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ప్రాజెక్ట్ బేస్డ్ ఓచర్ ఉన్న ఫ్లాట్‌లో ఏడాది ఉన్నాక, వెళ్లిపోవాలనుకుంటే మామూలు ఓచర్ అడిగే హక్కు ఉంటుంది. అది అందుబాటులో లేకపోతే తర్వాత ఖాళీ అయ్యేదానికి మీకే ప్రాధాన్యం. ఓచర్ లిస్టు మూసేసి ఉన్న ఊళ్లో ఇది దగ్గర దారి కావచ్చు. అందుకే ఫ్లాట్ చూపించేటప్పుడే మేనేజర్‌ను "ఇది ప్రాజెక్ట్ బేస్డ్ ఓచరా, వేరే కాంట్రాక్టా?" అని తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ హక్కు అన్ని రకాల భవనాల్లోనూ లేదు.

మూడోది పన్ను రాయితీ భవనాలు. 1986 పన్ను చట్టంతో వచ్చిన ఈ పద్ధతిలో బిల్డర్‌కు రాయితీ వస్తుంది, బదులుగా అతను కొన్ని ఫ్లాట్లను ఆదాయ పరిమితి లోపలున్నవాళ్లకు, అద్దె పరిమితికి లోబడి ఇస్తాడు. ఈమధ్య దశాబ్దాల్లో కట్టిన తక్కువ అద్దె ఇళ్లలో ఎక్కువ భాగం ఇవే. "అఫర్డబుల్" బోర్డు చూసి వెళ్లినవాళ్లు దెబ్బతినేది కూడా ఇక్కడే. ఈ ఫ్లాట్ల అద్దె మీ ఆదాయాన్ని బట్టి ఉండదు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో ఇంత శాతం, చాలాచోట్ల 60 శాతం, సంపాదించే కుటుంబాన్ని ఊహించుకుని లెక్కగట్టిన స్థిరమైన అద్దె అది.

తేడా ఎంతుంటుందో అంకెల్లో చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసిన అంకెలే. ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆయనకు స్టోర్‌లో పార్ట్ టైమ్ పని, ఇండియా నుంచి కొంచెం పెన్షన్, అన్నీ కలిపి నెలకు 1,400 డాలర్లు, అంటే ఏడాదికి 16,800. వృద్ధుల కుటుంబం కాబట్టి ఏటా సుమారు 500 డాలర్లు మినహాయిస్తారు. వైద్యం ఖర్చు ఒక హద్దు దాటితే ఆ పైనదీ తీసేస్తారు, ఇక్కడ లేదనుకుందాం. మిగిలిన 16,300ను పన్నెండుతో భాగిస్తే నెలకు 1,358. అందులో 30 శాతం 407. ఇంటికి కట్టిన సబ్సిడీ భవనంలోనైతే వీళ్లు కట్టేది ఆ 407 డాలర్లు. కరెంటు, హీటింగ్ బిల్లులు విడిగా వస్తే వాటికి అంచనా కట్టి ఇందులోంచి ఇంకా తగ్గిస్తారు. అదే పన్ను రాయితీ భవనంలో ఫ్లాట్ అద్దె 1,200 అని ఉంటే, వీళ్లకూ 1,200 డాలర్లే. చేతిలో మిగిలేది 200. అసలు చాలా భవనాలు ఆ ఆదాయానికి ఫ్లాట్ ఇవ్వవు కూడా, అద్దెకు రెండింతలో అంతకంటే ఎక్కువో ఆదాయం ఉండాలని అడుగుతాయి.

అలాగని ఆ భవనాలను కొట్టేయకండి. ఓచర్ ఉందన్న కారణంతో అద్దెకు ఇవ్వనని చెప్పడం పన్ను రాయితీ భవనాల ఓనర్లకు ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. ఓచర్ చేతిలో ఉన్నవాళ్లు ముందుగా అడగాల్సింది ఇక్కడే. ఓచర్ లేకపోయినా గంటకు ఒక మోస్తరు జీతం వచ్చే తల్లికి, ఇద్దరు పిల్లలతో, ఈ స్థిరమైన అద్దె బాగానే సరిపోవచ్చు.

ఇంత నిరీక్షణ ఎందుకు

అర్హత ఉన్నా ఏళ్ల తరబడి ఎందుకు ఆగాలని అడిగితే, జవాబు చట్టంలోనే ఉంది. తక్కువ ఆదాయంవాళ్లకు తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంప్స్‌కు, వైద్యం కోసం ఇచ్చే మెడికెయిడ్‌కు అర్హత ఉంటే అవి వచ్చితీరాలి. ఇంటి సాయం అలా కాదు. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఏటా ఎంత డబ్బు కేటాయిస్తే అంతమందికే. దేశం మొత్తమ్మీద అర్హత ఉన్న కుటుంబాల్లో సుమారు నాలుగింట ఒకదానికే ఏదో ఒక ఫెడరల్ అద్దె సాయం అందుతోంది. నిధులు చాలని ఏడాది అథారిటీలు కొత్త ఓచర్లు ఇవ్వడమే ఆపేస్తాయి. నా దృష్టిలో ఇది ఈ వ్యవస్థలోని అతిపెద్ద అన్యాయం. ఆదాయం సరిగ్గా ఒకటే ఉన్న రెండు కుటుంబాల్లో ఒకటి 400 కడుతుంది, పక్కింటివాళ్లు 1,500 కడతారు. ఇద్దరికీ మధ్య తేడా జాబితాలో పేరు ఎప్పుడు ఎక్కిందన్నదే.

దీన్నుంచి దరఖాస్తుదారుకు తేలేది ఒక్కటే: ఎన్ని జాబితాలుంటే అన్నింటిలోనూ పేరుండాలి. ఒకదానికి పెట్టుకుంటే ఇంకోదానికి పెట్టుకోకూడదన్న నిబంధన లేదు. బర్లింగ్టన్ పరిసరాల్లో ఓచర్ల కోసమే మూడు వేర్వేరు సంస్థలున్నాయి. నగరానికి బర్లింగ్టన్ హౌసింగ్ అథారిటీ, ఆనుకుని ఉన్న చిన్న ఊరు వినూస్కీకి సొంత అథారిటీ, రాష్ట్రమంతటికీ వెర్మాంట్ స్టేట్ హౌసింగ్ అథారిటీ. మూడింటికీ లిస్టులు వేరు, దరఖాస్తులు వేరు. ఒకచోట పేరుంటే మిగతాచోట్ల ఉన్నట్టు కాదు. ఒక లిస్టు మూసేసి ఉంటే ఎప్పుడు తెరుస్తారో అడిగి రాసుకోవాలి, కొన్ని అథారిటీలు కొద్ది రోజులే తెరిచి మళ్లీ మూసేస్తాయి. కొన్ని వచ్చిన తేదీని బట్టి వరుస ఇస్తే, కొన్ని లాటరీ తీస్తాయి. లాటరీ అయితే మొదటి రోజు తెల్లవారుజామునే పంపాలన్న కంగారు అక్కర్లేదు, గడువు లోపల తప్పుల్లేకుండా పంపితే చాలు.

ఇంటికి కట్టిన సబ్సిడీలకు మళ్లీ భవనం భవనానికీ లిస్టులుంటాయి. ఈ విషయంలో బర్లింగ్టన్ చరిత్ర అక్కడివాళ్లకు కలిసొచ్చింది. బెర్నీ శాండర్స్ మేయర్‌గా ఉన్న రోజుల్లో, 1984లో, నగరం సాయంతో ఒక కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ పుట్టింది. 2006లో మరో సంస్థతో కలిసి అదే షాంప్లేన్ హౌసింగ్ ట్రస్ట్ అయింది. నేల ట్రస్టు చేతిలో ఉంటుంది కాబట్టి ఆ ఇళ్లు ఎప్పటికీ మార్కెట్ ధరలకు ఎగబాకవు. మూడు కౌంటీల్లో దీనికి రెండు వేలకు పైగా అద్దె ఇళ్లున్నాయి. ఆ కాలంలోనే నార్త్‌గేట్ అనే 336 అపార్ట్‌మెంట్ల సముదాయం మీద ఫెడరల్ షరతుల గడువు ముగిసి చేజారిపోబోతే, అందులో ఉంటున్నవాళ్లు సంఘంగా ఏర్పడి, నగరం తోడు నిలబడి, తక్కువ అద్దెకే నిలబెట్టుకున్నారు. ఇది అన్ని ఊళ్లలోనూ జరగలేదు. పన్ను రాయితీ భవనమైనా షరతుల గడువు ఎప్పుడు తీరుతుందో అడిగి తెలుసుకోవడం అందుకే అవసరం.

వృద్ధుల ఇళ్లకు కేథడ్రల్ స్క్వేర్ అనే సంస్థ ఉంది. ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లకు నర్సునూ, కోఆర్డినేటర్‌నూ దగ్గర చేసే సాష్ అనే కార్యక్రమం మొదలైంది దీని భవనాల్లోనే. ఇంగ్లిష్ అంతంత మాత్రంగా వచ్చిన మన పెద్దవాళ్లకు మందుల చీటీ చూసి చెప్పే మనిషి కింది అంతస్తులో ఉండటం అద్దె తగ్గడం కంటే తక్కువ సాయమేం కాదు. నగరం దాటి పల్లెటూళ్ల వైపు వెళ్లగలిగితే వ్యవసాయ శాఖ అప్పులతో కట్టిన సెక్షన్ 515 ఇళ్లున్నాయి. కారు తప్పనిసరి అవుతుంది, కానీ క్యూ చిన్నదిగా ఉండొచ్చు. ఇవన్నీ ఎక్కడున్నాయో తెలియకపోతే 211కు ఫోన్ చేస్తే చెబుతారు.

దరఖాస్తులో మనవాళ్లు తడబడే చోట్లు

అర్హత ముందు ఇమిగ్రేషన్ స్థితి దగ్గర తేలుతుంది. ఓచర్లు, పబ్లిక్ హౌసింగ్, సబ్సిడీ ఇంటికే కట్టిన సెక్షన్ 8 భవనాలకు పౌరులు, గ్రీన్ కార్డున్నవాళ్లు, శరణార్థులు వంటివారే అర్హులు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసాల మీదున్నవాళ్లు కారు. పన్ను రాయితీ భవనాలకు పన్ను చట్టంలో వీసా షరతు లేదు. ఆ మాట విని కొందరు విద్యార్థులు ఆశపడతారు, కానీ అక్కడ వేరే అడ్డుంది. ఫ్లాట్‌లో ఉండేవాళ్లంతా ఫుల్ టైమ్ విద్యార్థులే అయితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఇవ్వరు. నలుగురు ఎంఎస్ కుర్రాళ్లు కలిసి తీసుకోవడం కుదరదు.

సాయం తీసుకుంటే ఇమిగ్రేషన్‌కు ఇబ్బందా అన్న భయం సహజమే. గ్రీన్ కార్డు అడిగినవాళ్లు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ నిబంధనలో 2019లో సెక్షన్ 8నూ, పబ్లిక్ హౌసింగ్‌నూ లెక్కలోకి తెచ్చారు, 2021లో ఆ నిబంధన పోయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇది కదులుతోంది. కాబట్టి ఇంట్లో ఎవరిదైనా గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుంటే వాట్సాప్ గ్రూపులో కాకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి.

తర్వాత ఆదాయం, ఆస్తులు. ఫారంలో "మీకు వచ్చే మొత్తం ఆదాయం" అన్న చోట అమెరికాలో వచ్చేది మాత్రమే రాసి ఊరుకోవడం మనవాళ్లు తరచుగా చేసే పని. రిటైరైన టీచర్‌గారికి ఆంధ్రా ట్రెజరీ నుంచి వచ్చే పెన్షన్ కూడా ఆదాయమే. కొడుకు నెలనెలా ఇచ్చే డబ్బూ ఆదాయమే. ఇండియా బ్యాంకుల్లోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అమ్ముకునే హక్కున్న ఫ్లాటు, పొలం ఆస్తులే. 2016లో చేసిన ఒక చట్టం ఓచర్లకూ పబ్లిక్ హౌసింగ్‌కూ లక్ష డాలర్ల ఆస్తి పరిమితి పెట్టింది, ధరలను బట్టి దాన్ని ఏటా కొంత సవరిస్తారు. హైదరాబాద్‌లో ఒక మామూలు ఫ్లాటున్నా ఆ గీత దాటే అవకాశం ఉంది. "ఇక్కడివాళ్లకెలా తెలుస్తుంది" అనుకుని దాచవద్దని గట్టిగా చెబుతాను. సంతకం పెట్టేది అబద్ధమైతే శిక్ష పడుతుందన్న హెచ్చరిక కింద. తర్వాత బయటపడితే సాయం పోవడమే కాదు, అందుకున్నదంతా తిరిగి కట్టమంటారు. ఆస్తి పరిమితి దాటినవాళ్లకు పన్ను రాయితీ భవనాల దారి తెరిచే ఉంటుంది. అక్కడ ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని లెక్కిస్తారు కానీ ఆస్తికి ఫెడరల్ హద్దు లేదు.

పేర్ల సంగతి కూడా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, సోషల్ సెక్యూరిటీ కార్డులో చివర, బ్యాంకులో పొడి అక్షరం. మన కాగితాలన్నీ ఇలాగే ఉంటాయి. దరఖాస్తు మొత్తం ఒకే పేరుతో, గ్రీన్ కార్డులో ఉన్నట్టే రాసి, మిగతా రూపాలను "ఇతర పేర్లు" అన్న గడిలో రాస్తే తనిఖీలో ఆగదు.

వరుసలో ముందుకు జరిపేవి ప్రాధాన్యాలు. ఆ ఊళ్లో ఉంటున్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, వృద్ధులు, వికలాంగులు, మాజీ సైనికులు, గృహహింస నుంచి తప్పించుకున్నవాళ్లు అంటూ ఏ సంస్థ జాబితా దానిది. ఆ గడిలో టిక్ పెట్టకపోతే మీ పరిస్థితి వాళ్లకు తెలియదు. అత్తవారింట్లో హింస భరించి బయటికొచ్చిన అమ్మాయిలు పరువు కోసం ఆ గడి వదిలేస్తుంటారు. అది వాళ్ల కోసమే పెట్టింది.

ఇక ఎక్కువమంది పేర్లు పోయేది తిరస్కరణ వల్ల కాదు, ఉత్తరాల వల్ల. ఏడాదికో రెండేళ్లకో అథారిటీ "ఇంకా మీకు కావాలా?" అని రాస్తుంది. గడువులోగా జవాబు రాకపోతే పేరు తీసేస్తుంది. కూతురి ఇంట్లో ఆరు నెలలు, కొడుకు ఇంట్లో ఆరు నెలలు, మధ్యలో ఒక చలికాలం ఇండియాలో ఉండే పెద్దవాళ్లకు ఆ ఉత్తరం అందదు. చిరునామాగా కదలని ఇల్లొకటి ఇవ్వాలి. మారితే ప్రతి సంస్థకూ విడివిడిగా రాతపూర్వకంగా తెలపాలి. వెయిటింగ్ లిస్టులో చేర్చడానికి ఏ హౌసింగ్ అథారిటీ డబ్బు తీసుకోదు. ఆ పేరుతో ఆన్‌లైన్‌లో కార్డు నంబర్ అడిగితే అది మోసమే. వెర్మాంట్‌లోనైతే ప్రైవేటు ఓనర్లు కూడా అద్దె దరఖాస్తుకు ఫీజు అడగకూడదు.

తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి, దాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే హక్కు మీకుంటుంది. గడువు మాత్రం కొద్ది రోజులే. పాత అద్దె బాకీ, క్రెడిట్ రిపోర్టులో వేరేవాళ్ల అప్పు, పేరు కలవడం వల్ల వచ్చిన కేసు లాంటివి కాగితం చూపిస్తే సర్దుకుంటాయి. ఇలాంటప్పుడు వెర్మాంట్ లీగల్ ఎయిడ్ లాంటి ఉచిత న్యాయ సహాయం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది.

ఓచర్ వచ్చిన తర్వాత

ఓచర్ వచ్చిందంటే పని అయిపోయిందనుకుంటారు, గడియారం తిరగడం అప్పుడే మొదలవుతుంది. ఇల్లు వెతకడానికి కనీసం 60 రోజులిస్తారు. ఎక్కడెక్కడ అడిగారో రాసి చూపించి పొడిగింపు కోరవచ్చు. వైకల్యం ఉన్నవాళ్లకు పొడిగింపు పొందడానికి చట్టం ఇంకా బలంగా తోడ్పడుతుంది. బర్లింగ్టన్‌లో విద్యార్థుల లీజులు ఎక్కువగా జూన్ మొదట్లో మారతాయి. ఓచర్ నవంబర్‌లో చేతికొస్తే చూడ్డానికి ఇళ్లే కనిపించకపోవచ్చు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లూ చూడాలి.

ఎంత అద్దె ఇల్లు చూడొచ్చన్నదానికీ లెక్కుంది. మళ్లీ ఆ దంపతులనే తీసుకుందాం. ఒక పడకగది ఇంటికి అథారిటీ పెట్టిన ప్రమాణం, అంటే సాయం లెక్కకు తీసుకునే అద్దె, 1,600 డాలర్లు అనుకుంటే, అందులో వీళ్ల వాటా 407 పోగా అథారిటీ ఇచ్చేది 1,193. ఇల్లు బిల్లులతో కలిపి 1,700 అయితే వీళ్లు 507 కట్టాలి, ఫర్వాలేదు. 1,800 అయితే 607 అవుతుంది, కుదరదు. ప్రమాణం దాటిన ఇల్లు తీసుకునేటప్పుడు కుటుంబం వాటా మొదటి లీజు నాటికి ఆదాయంలో 40 శాతం, వీళ్ల విషయంలో సుమారు 543, దాటకూడదు. మిగతాది పిల్లలు చేతి కింద ఓనర్‌కు ఇచ్చేయడం నిబంధనల ఉల్లంఘన, ఓచర్ పోతుంది. ధర కుదిరాక ఇంటిని తనిఖీ చేస్తారు. వేడినీళ్లు, పొగ అలారాలు, కిటికీలు సరిగ్గా ఉంటేనే లీజు మొదలవుతుంది.

ఓచర్ అనగానే "మేం సెక్షన్ 8 తీసుకోం" అనే ఓనర్లున్నారు. వెర్మాంట్‌లో ప్రభుత్వ సాయం పొందుతున్నారన్న కారణంతో అద్దెకు నిరాకరించడం చట్టవిరుద్ధం. అన్ని రాష్ట్రాల్లోనూ ఈ రక్షణ లేదు, మీ రాష్ట్రం సంగతి ముందే తెలుసుకోవాలి.

ఓచర్‌తో ఊరు మారడం కూడా కుదురుతుంది. బర్లింగ్టన్ చలి పడక, కొడుకున్న న్యూజెర్సీ ఎడిసన్‌కు వెళ్లాలనుకున్న దంపతులు దాన్ని అక్కడికి తీసుకెళ్లవచ్చు. దరఖాస్తు పెట్టిన రోజున ఆ అథారిటీ పరిధిలో ఉంటున్నవాళ్లయితే మొదటి నుంచే వెళ్లొచ్చు. వేరే ఊరి నుంచి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లను మాత్రం ముందు ఏడాదిపాటు ఇక్కడే ఉండమనే అధికారం అథారిటీకి ఉంది. వెళ్లే ముందు ఇక్కడి అథారిటీకి రాతలో చెప్పి, ఇప్పటి ఇంటి లీజుకు సరైన నోటీసిచ్చి, అక్కడి అథారిటీ పెట్టిన అద్దె ప్రమాణం ఎంతో, మీకు ఎన్ని గదుల ఓచర్ ఇస్తుందో కనుక్కోవాలి. అక్కడి లెక్క వేరు కాబట్టి మీ వాటా మారొచ్చు. ఇక్కడి ఇల్లు ఖాళీ చేయడం ఆ అంకె కాగితం మీద చూశాకే.